సముద్రం ఒడ్డున షట్టరు

మా ఆయన రిటైరైన ఎండాకాలం నేను జీవితంలో మొదటిసారి బేరం ఓడిపోయానని బాన్సువాడ బజారులో ఇప్పటికీ అనుకుంటారట. అనుకోనీ. ఆ బేరంలో నేను వదులుకున్నది వాళ్ళ కళ్ళ ముందే ఉంది. దక్కించుకున్నది చూడాలంటే బస్సెక్కి, రైలెక్కి, సముద్రం దాకా రావాలి. తక్కెడలో ఒక సిబ్బె మాత్రమే చూసి తూకం చెప్పేవాళ్ళతో నాకెప్పుడూ పేచీ లేదు, తక్కెడ వాళ్ళ చేతికి ఇవ్వనంతవరకు.

నాది ఇనుము, సిమెంటు, మేకులు అమ్మే షాపు. మావాళ్ళు కృష్ణా జిల్లా నుంచి వచ్చి కోటగిరి దగ్గర కాలువ కింద పొలం కొనుక్కున్నారు. నేను పుట్టిందీ పెరిగిందీ అక్కడే. అయినా బజారంతటికీ నేను ఆంధ్రా అక్కనే, నాది ఆంధ్రా అక్క షాపే. బోర్డు మీద వేరే పేరుంది, అది రాసిన పెయింటరుకైనా గుర్తుందో లేదో. ఊరు ఊరికే పెట్టిన పేరు చెరిపేసుకునేంత తెలివితక్కువదాన్ని కాదు గనక నేనూ ఆ పేరుకే పలికాను.

మా ఆయన రామాంజనేయులు బాపట్ల అవతల సముద్రం పక్క ఊరివాడు. నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరు ఉద్యోగం వచ్చి నిజాంసాగర్ కాలువ మీదికి చేరాడు. నన్ను చేసుకున్నాడు. సర్వీసంతా కాలువ గట్టు మీద నడిచి, తొంభై ఎనిమిది ఏప్రిల్ ఆఖర్న దండ వేయించుకుని ఇంటికొచ్చాడు. ఆఫీసువాళ్ళు పెద్ద సూట్‌కేసు బహుమతిగా ఇచ్చారు. రిటైరైన మనిషికి సూట్‌కేసు ఇచ్చేవాళ్ళ ఉద్దేశం ఏమిటో నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

దాన్ని నా కౌంటరు మీద పెట్టి, మెడలో దండ తీయకుండానే అన్నాడు. "కుమారీ, ఇక మనూరు వెళ్ళిపోదాం."

"మనూళ్ళోనే ఉన్నాం కదండీ."

"మనూరే," అన్నాడు మళ్ళీ, చెవిటివాళ్ళకు చెప్పినట్టు. "సరుగుడు తోట పక్కన నా వాటా దిబ్బ ఉంది కదా. అక్కడ ఇల్లు కట్టుకుందాం. కొత్త రకం ఇల్లు. మెట్లు లేకుండా, పెద్ద పెద్ద కిటికీలతో. పొద్దున లేచేసరికి సముద్రం కనిపించాలి."

పెళ్ళయిన రోజు నుంచి ఆయన మనూరు అంటే అది, నేను మనూరు అంటే ఇది. ఇన్నేళ్ళూ ఒకే మాట ఇద్దరం వాడుకున్నాం, ఎవరి సరుకు వాళ్ళం తీసుకెళ్ళాం. ఆ సాయంత్రం మొదటిసారి రెండు సంచులూ పక్కపక్కన విప్పి చూశాం.

"రిటైరైంది మీరు," అన్నాను. "వ్యాపారికి రిటైర్‌మెంట్ ఉండదు. నాకెవరు దండ వేస్తారు?"

ఆయన తన మెడలో దండ తీసి నా మెడలో వేశాడు. షాపులో ఉన్న జనమంతా నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఆ దండను ఇంటికి వెళ్ళేదాకా ఉంచుకోలేదు, గునపాల కట్ట మీద పడేశాను.

మా అమ్మాయి సుస్మిత బెంగుళూరులో ఉద్యోగం చేస్తోంది. ఫోన్లో చెబితే, "మీరిద్దరూ తేల్చుకోండమ్మా, నన్ను మాత్రం పంచాయితీకి పిలవకండి," అని పెట్టేసింది. నా కూతురే, నష్టం వచ్చే బేరంలో వేలు పెట్టదు.

నేను తగ్గలేదు. ఎదుటివాడి సరుకులో లోపాలు చూపించడంతోనే కదా ఏ బేరమైనా మొదలయ్యేది. మొదట ఉప్పెన సంగతి ఎత్తాను. దిబ్బ ఎత్తులో ఉందన్నాడు. ఉప్పునీళ్ళ సంగతి ఎత్తాను. దిబ్బ కింద తీపి నీళ్ళ బావి ఉందన్నాడు. చివరికి నాకు బాగా తెలిసిన దాని మీదికి వచ్చాను.

"ఇనుము గురించి నాకు చెప్పకండి. సముద్రపు గాలికి సలాక సిమెంటు లోపల ఉన్నా ఉబ్బుతుంది. మేకు, గడియ, కిటికీ ఊచ, గేటు, అన్నీ పొట్టు రాల్చుకుంటాయి. ఇనుము అమ్ముకుని బతికినదాన్ని, ఇనుముకు శత్రువు పక్కన కాపురం పెట్టనా?"

"తుప్పు పట్టనివి వేసుకుందాం. ఇత్తడి, అల్యూమినియం, చెక్క." ఆయనకు కోపం రాదు. కాలువలో నీళ్ళు రాలేదని రైతులు గొడ్డళ్ళు పట్టుకుని వచ్చినా అదే గొంతుతో మాట్లాడినవాడు.

ఈ తగువులన్నీ షాపులోనే జరిగేవి, కనుక గంగమణికి అన్నీ తెలుసు. గంగమణి మొగుడు పండరికి కోటగిరి దారిలో చెరుకు తోటలున్నాయి. ఇంట్లో కూర్చుంటే అత్తతో పడదని నా షాపుకు వచ్చి, తూకం, లెక్క, గిరాకీ అన్నీ పట్టేసింది. నన్ను అక్కా అంటుంది, మా ఆయన్ని బావా అంటుంది, ఇద్దరినీ ఒకేలాగ ఆడుకుంటుంది.

"ఏందక్కా, పొద్దుగాల్ల నుంచి బావతోని ఒకటే లొల్లి," అంది ఒకనాడు మేకులు తూస్తూ. "పోరాదు సముద్రం కాడికి. మంచిగ గాలొస్తది. ఇగ ఈ షాపు ఫికర్ నీకెందుకు? నాకియ్యి."

"ఇస్తే ఏం చేస్తావే?"

"ఏం జేస్త? నడిపిస్త. కిరాయి నెలనెలా పంపిస్త. పేరు గూడ మార్చ, ఆంధ్రా అక్క షాపే ఉంటది. నువ్వు లేకున్నా ఆంధ్రా అక్క ఉంటది."

"నేను చచ్చినట్టు మాట్లాడుతున్నావు."

"చచ్చుడు కాదక్కా, రిటైరు. రెండూ ఒక్కటే అనుకుంటున్నవా ఏంది?"

నిజంగానే రెండూ ఒకటే అనుకుంటున్నానని నాకు అప్పుడే తెలిసింది.

ప్లాను గీయడానికి మా ఆయన పిలిపించింది ఎవరినో కాదు, గంగమణి కూతురు ప్రియదర్శినినే. హైదరాబాదులో ఇళ్ళు గీసే చదువు చదివి అప్పుడే బయటికి వచ్చింది. తల్లికి షాపు, కూతురికి మొదటి ఇల్లు. ఇద్దరూ కలిసి నన్ను సముద్రానికి పార్సిల్ చేస్తున్నారని నాకు అనిపించిందంటే అది నా వృత్తి దోషం. గంగమణితో ఆ మాటే అంటే, "గంత తెలివుంటే నీ కాడ మేకులెందుకు తూస్తనక్కా," అంది.

ప్రియదర్శిని జీన్స్ వేసుకుని వచ్చి, సిమెంటు బస్తాల మీద కాగితం పరుచుకుని కూర్చుంది. గదులెన్ని, ఎంత వెడల్పు అని అడుగుతుందనుకున్నాను. అడగలేదు.

"పెదనాన్నా, ఆ కొత్తింట్ల ఒక్క రోజు ఎట్ల గడుస్తదో నాకు చెప్పాలె. పొద్దున లేచిన కాడికెళ్ళి పండుకునే దాకా. మీ రోజు తెలిస్తేనే మీ ఇల్లు తెలుస్తది."

మా ఆయన ఎప్పటినుంచో కంఠతా పట్టినట్టు చెప్పాడు. లేవగానే వరండాలోకి వస్తాడు. ఎదురుగా సముద్రం. కాఫీ. పడవలు వెనక్కి రావడం చూస్తాడు. ఒడ్డు వెంట నడుస్తాడు. మధ్యాహ్నం కిటికీలన్నీ తీసుకుని నిద్ర. సాయంత్రం మళ్ళీ వరండా. ఆ పిల్ల పెన్సిలు ఆగకుండా కదిలింది. ఆయన చెప్పడం అయ్యేసరికి పొడుగాటి వరండా ఒకటి కాగితం మీదికి వచ్చేసింది.

"ఇగ నువ్వు చెప్పు పెద్దమ్మా."

"చెప్పడానికేముంది? లేచి, స్నానం చేసి, షట్టరు తీస్తాను. మా షట్టరు చప్పుడుకే ఎదురు హోటలువాడు పాలు పొయ్యి మీద పెడతాడు. మొదట వచ్చేది మేస్త్రీలు, పనిలోకి వెళ్ళే ముందే బైండింగ్ వైరు కావాలి వాళ్ళకి. తర్వాత మీ అమ్మ. తర్వాత జుక్కల్ నుంచి బస్సు దిగినవాళ్ళు, సగం మరాఠీ సగం తెలుగు, వాళ్ళతో బేరమాడితే ఆకలి తెలియదు. మధ్యాహ్నం బస్సుల మధ్య కొంచెం ఖాళీ. సాయంత్రం బాకీలవాళ్ళు తల దించుకుని పోతుంటారు, పేరు పెట్టి పిలిచి మంచినీళ్ళిస్తాను. షట్టరు దింపుతాను. అంతే."

పెన్సిలు కదల్లేదు. "గది ఈడ రోజు పెద్దమ్మా. నేను అడిగింది ఆడ రోజు. సముద్రం కాడ."

"అక్కడ నాకు రోజు లేదమ్మా," అన్నాను.

వాదించాలని అన్నమాట కాదు. సరుకు అడిగినప్పుడు లేకపోతే లేదని చెబుతాం కదా, అలాగే వచ్చింది. ప్రియదర్శిని తల్లి వైపు చూసింది. గంగమణి మేకుల డబ్బా మూత పెట్టింది. మా ఆయన కాగితం మీద వరండా వైపు చూస్తూ ఉండిపోయాడు.

పదిహేను రోజులకు ప్లాను వచ్చింది. బాగుంది. నచ్చనిదాన్ని బాగాలేదని చెప్పడం తేలిక, బాగున్నదాన్ని బాగాలేదనడం వ్యాపారికి కూడా కష్టం. ఇల్లంతా ఒకే మట్టం. గడప అడ్డం లేకుండా గది నుంచి గదికి నడిచిపోవచ్చు. పడమటి రోడ్డు వైపు పొడవాటి గోడ, తూర్పున సముద్రం వైపు ఇల్లంత వరండా. వంటగది ఏ గోడా లేకుండా హాల్లోకి తెరుచుకుని ఉంది. పెంకులు లేవు, నగిషీలు లేవు. పెట్టె మూత తీసి గాలికి పెట్టినట్టుంది.

కాగితం అంతా వేలితో వెతికాను. నాకు నేను ఎక్కడా దొరకలేదు.

"కట్టించండి," అన్నాను. "చక్కటి ఇల్లు. నేను అడ్డు చెప్పను."

మా ఆయన మొహం వెలిగింది. అది ఆరకముందే మిగతాది కూడా చెప్పేశాను. "మీరు వెళ్ళి ఉండండి. నేను ఈ షాపు వెనక గదిలో ఉంటాను. నెలకోసారి వస్తాను. పండగకి మీరు రండి."

"ఈ వయసులో వేరు కాపురమా?"

"వేరు కాపురం కాదు, రెండు బ్రాంచీలు."

ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. కాగితం చుట్టేసి సూట్‌కేసులో పెట్టుకున్నాడు. ఆ తర్వాత వారం రోజులు ఆయన షాపుకు వచ్చి నాకు ఎదురుగా స్టూలు వేసుకుని ఊరికే కూర్చునేవాడు. పేపరు చదివేవాడు కాదు. వచ్చేపోయే వాళ్ళని, నన్ను, షట్టరుని చూస్తూ ఉండేవాడు. ఎండకు ఓర్చుకోలేక కూర్చున్నాడనుకున్నాను. కాలువ నీళ్ళు తప్ప ఇంకేదీ కొలవని మనిషి అనుకున్నాను.

ముగ్గు పోయడానికి ముహూర్తం జూన్ మొదట్లో కుదిరింది. నేనూ వెళ్ళాను. శంకుస్థాపనకు ఇల్లాలు లేకపోతే బాగుండదు, రెండు బ్రాంచీల్లో అదీ ఒకటే కదా.

దిబ్బ మీద నిలబడితే ఇసుక అరికాళ్ళను పెనం మీద అట్టులా కాల్చింది. సరుగుడు తోట హోరుమంటోంది. తోట అవతల సముద్రం. నిజం చెప్పాలంటే అందంగానే ఉంది, కానీ అందరికీ ఊరికే దొరికే దాన్ని నేనెప్పుడూ గొప్పగా చూడలేదు.

అక్కడి మేస్త్రీ రత్తయ్య హుషారైన మనిషి. ముగ్గుపిండి చేత్తో పోస్తుంటే పోసినంతమేరా గాలి ఎత్తుకుపోతోంది. బాన్సువాడ నల్లరేగడిలో పోసిన ముగ్గు వాన వచ్చేదాకా చెక్కుచెదరదు. ఇక్కడ గీత గీసి వెనక్కి తిరిగేసరికి గీత లేదు.

"గిట్ల పోస్తే ఎట్లుంటది," అనేశాను. షాపు భాష నోట్లోంచి జారింది. "తడిపి పొయ్యాలె."

రత్తయ్య నడుం నిటారుగా చేసుకుని నన్ను చూశాడు. "అమ్మగారు నైజామాండీ?"

"మాది కృష్ణా జిల్లా," అంది మా అమ్మ నాన్నల రక్తం.

"ఊరు కృష్ణా అయితే కావచ్చు గానండీ, మాట మాత్రం నైజామే," అని తన కూలీలతో నవ్వాడు. "నైజాం అమ్మగారు చెప్పినట్టు తడపండ్రా."

నన్ను అక్కడ ఆంధ్రా అన్నారు, ఇక్కడ నైజాం అన్నారు. ఇంకొకరైతే ఏడ్చేవారేమో. నాకు మాత్రం చెవిలో ఏదో గల్లుమంది. అడగకుండానే రెండో ఊరు కూడా పేరు పెట్టింది.

గదుల మూలలన్నిటికీ కర్ర గూటాలు పాతి, బయటి చుట్టూ పురికొస కట్టేసరికి పురికొస అయిపోయింది. లోపలి గదులకు మిగల్లేదు. ఇంకో ఉండ తేవాలంటే బాపట్ల వెళ్ళాలట.

"ఇక్కడ దొరకదా?" అన్నాను.

"ఇక్కడేం దొరుకుతాయండీ, చేపలూ ఉప్పూ తప్ప. మేకు కావాలన్నా బాపట్లే," అని రత్తయ్య మనిషిని సైకిలు మీద పంపించాడు.

పని ఆగింది. నేను నీడ కోసం రోడ్డు పక్క చెట్టు కింద ఉన్న కల్వర్టు మీద కూర్చున్నాను. ఎండుచేపల గంప దించుకుని ఒకావిడ నా పక్కనే కూర్చుంది.

"ఏ ఊరమ్మా మీది?"

"బాన్సువాడ," అన్నాను, ఆలోచించకుండా.

"అదెక్కడ?"

"నిజాంసాగర్ లేదూ, దాని దగ్గర."

"అక్కడా సముద్రమేనా?"

"పేరే సాగరు. నీళ్ళు మంచివి."

ఆవిడ నవ్వి ఆకువక్క నోట్లో వేసుకుంది. మా ముందు నుంచి సైకిళ్ళు పోతున్నాయి. ఒకడి హ్యాండిలుకు నైలాను తాడు చుట్ట. ఇంకొకడి క్యారియరు మీద తారు డబ్బా. ఒక ముసలాయన గుప్పెడు మేకులు పొట్లం కట్టించుకుని బస్సు దిగాడు. గుప్పెడు మేకులకు బస్సు టిక్కెట్టు.

"ఆ తాడుకీ బాపట్లేనా?" అని అడిగాను.

"తాడుకీ, వలలకి కట్టే సీసం గుండ్లకీ, పడవకి కొట్టే మేకుకీ, అన్నింటికీ. పోవడం రావడం ఒక పూట కొట్టుకుపోద్ది. ఇక్కడ ఎవరన్నా కొట్టు పెట్టకూడదా అని మా ఆయన తిట్టని రోజు లేదు. ఎవరు పెడతారు? ఈ ఎండలో, ఈ గాలిలో."

నేను మళ్ళీ ఏమీ అడగలేదు. ఇష్టమైన సరుకు కనిపించినప్పుడు మొహం తిప్పుకోవడం నాకు చిన్నప్పటి నుంచి అలవాటు. ఎవరికీ, ఆ సముద్రానికి కూడా తెలియనివ్వకూడదు. సైకిళ్ళు లెక్కపెట్టకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాను.

మనసు కుదుటపడ్డాక లేచి దిబ్బ మీదికి వెళ్ళాను. పురికొస ఇంకా రాలేదు. కూలీలు సరుగుడు నీడలో పడుకున్నారు. మా ఆయన ఒక్కడే ఎండలో, తలకు తువ్వాలు చుట్టుకుని, చేతిలో సుత్తితో నిలబడి ఉన్నాడు.

ఏదో తేడాగా అనిపించింది. ఇల్లు చూసిన కళ్ళు కావు నావి, కొలతలు చూసే కళ్ళు. పొద్దున సముద్రం వైపు ఇల్లంతా పరుచుకుని ఉన్న వరండా సగానికి వచ్చింది. తెగిన ఆ సగం మేరా పడకగది తూర్పుకు జరిగింది. దాని వెనక, రోడ్డు వైపు, ప్లానులో లేని గది ఒకటి పుట్టింది. ఆ గదికి రోడ్డు వైపు గోడకు బదులు రెండు గూటాలు, మధ్యలో ఖాళీ. చాలా పెద్ద ఖాళీ. తలుపుకు అంత అవసరం లేదు.

"ఈ పురికొస పొద్దున ఇక్కడ లేదు కదా," అన్నాను.

"గాలికి జరిగింది."

"ఇంత జరిగిందా?"

"సముద్రపు గాలి మరి," అన్నాడు నావైపు చూడకుండా.

సరుగుడు నీడలోంచి రత్తయ్య లేచి కూర్చున్నాడు. "గాలికి పురికొస జరుగుద్దేమో గానండీ అమ్మగారూ, గూటాలు జరగవు. అయ్యగారే పీకి పాతేరు. వద్దండీ, వరండా పాడైపోద్దండీ అని నేను మొత్తుకున్నాను."

మా ఆయన రత్తయ్యను ఒకసారి చూశాడు. కాలువ గట్టు తెంపబోయిన రైతును చూసినట్టు.

నేను వెళ్ళి ఆ రెండు గూటాల మధ్య నిలబడి రెండు చేతులూ చాపాను. కుడిచేయి ఎక్కడిదాకా వస్తుందో, ఎడమచేయి ఎక్కడ ఆగుతుందో, ఇంకా ఎంత మిగులుతుందో నా ఒంటికి తెలుసు. రోజూ పొద్దునా సాయంత్రం అలా నిలబడేదాన్ని. అది బాన్సువాడలో నా షట్టరు వెడల్పు. వెంట్రుకవాసి తేడా లేదు. స్టూలు వేసుకుని వారం రోజులు ఆ మనిషి ఎండకు కూర్చోలేదు.

"నీడకు రండి," అన్నాను. "తల మాడిపోతోంది."

పురికొస వచ్చాక రెండో కొస నేను పట్టుకున్నాను.

బాన్సువాడ తిరిగి వచ్చేలోపే ప్రియదర్శినికి సంగతి తెలిసింది. షాపుకు వచ్చి నిలదీసింది. "పెద్దమ్మా, ఆ వరండానే నా డిజైన్ల మెయిన్ ఐటమ్. పెదనాన్న దాన్ని సగం కోసిండు. మోడర్న్ ఇంటికి ముంగట దుకాణం ఎక్కడన్న ఉంటదా?"

"దుకాణం ముందర లేదమ్మా, వెనక ఉంది. మీ పెదనాన్నకు ముందు సముద్రం, నాకు ముందు రోడ్డు. నడవగలిగినా లేకున్నా గడప దాటకుండా షాపులోకి వెళ్ళొచ్చు. నువ్వు గీసిన మట్టం పుణ్యమే."

ఆ పిల్ల కాసేపు మూతి ముడుచుకుంది. తర్వాత పెన్సిలు తీసింది. "కౌంటర్ ఏ మూలకు కావాలె?"

గంగమణికి షాపు అప్పగించాను. బేరం ఒక్క పూటలో తెగింది. ఒకే ఒక్క దగ్గర బిగుసుకున్నాం.

"షట్టరు నాతో వస్తుంది," అన్నాను.

గంగమణి చేతిలో తక్కెడ రాళ్ళు కింద పెట్టేసింది. "షట్టరా? గీ పాత షట్టరా? ఏందక్కా, ఇనుపదాన్ని సముద్రం కాడికి తీస్కపోతవా? ఇన్ని దినాలు బావకు తుప్పు, తుప్పు అని చెవుల పోరు వెట్టింది నువ్వు కాదా?"

"నేనే."

"ఇనుమమ్మెటోళ్ళే గిట్ల జేస్తే ఇగ కొనెటోళ్ళకు ఏం జెప్తం?"

"కొనేవాళ్ళకు నిజమే చెప్పు. నీకు కొత్తది వేయిస్తాను, ఇది వదిలెయ్."

"చెక్క పలకలు పెట్టుకోండమ్మా అని రత్తయ్య చెప్పాడు," అన్నాడు మా ఆయన స్టూలు మీంచి. "అక్కడ అందరూ అవే."

"చెక్క పలకలకు చప్పుడు రాదు," అన్నాను. "చప్పుడు లేకుండా షాపు తీస్తే దొంగతనానికి వచ్చినట్టుంటుంది."

ఫూల్‌సింగ్ అని మాకు వెల్డింగు పనులు చేసే అతను వచ్చి షట్టరు ఊడదీశాడు. చుట్టగా చుట్టి, ధాన్యం లోడుతో కోస్తాకు పోయే లారీలో, బస్తాల మీదికి ఎక్కించారు. మర్నాడు పొద్దున ఎదురు హోటలువాడు పాలు పొయ్యి మీద పెట్టడం మర్చిపోయాడని గంగమణి చెప్పింది. అది నిజమో, నన్ను సంతోషపెట్టడానికో అడగలేదు. వచ్చిన లాభాన్ని విప్పి చూడకూడదు.

కార్తీకంలో ఇంట్లో దిగాం. ఇల్లు ప్రియదర్శిని చెప్పినట్టే వచ్చింది. పొద్దున వెలుగు కిటికీలోంచి వచ్చి, వంటగది మీదుగా నడిచి, షాపు కౌంటరు దాకా వస్తుంది. నైలాను తాడు, సీసం గుండ్లు, మేకులు, తారు, సిమెంటు పెట్టాను. మొదటి రోజు పొద్దున షట్టరు ఎత్తితే ఆ చప్పుడుకు సరుగుడు తోటలో కాకులన్నీ లేచాయి. సైకిళ్ళు ఆగాయి. మధ్యాహ్నానికి నాకు పేరు ఖాయమైంది. నైజాం అమ్మ కొట్టు. బోర్డు రాయించే ఖర్చు మళ్ళీ తప్పింది.

మరుసటి ఏడు షట్టరు ఒక్క వానాకాలం కూడా పూర్తిగా పనిచేయలేదు. తుఫాను గాలులు మొదలైన వారానికే గట్టిపడింది. తర్వాత మూలిగింది. ఒకనాడు పొద్దున నడుం ఎత్తుదాకా లేచి, ఇక అటూ ఇటూ కదల్లేదు. రత్తయ్య వచ్చి, సుత్తితో రెండు దెబ్బలు వేసి, పొట్టు రాలితే దులుపుకుని, "చెప్పేను కదండీ," అన్నాడు. చెప్పాడు. నేనూ అదే చెప్పాను మా ఆయనకు, ఆ ఎండాకాలమంతా.

ఎస్టీడీ బూత్ నుంచి ఫోను చేస్తే గంగమణికి నవ్వాగలేదు. "ఇగ షాపు బంద్ అయినట్టేనా అక్కా?"

"బందు కావడం లేదే. అదే గొడవ. మూసుకోవడం లేదు."

"మరి రాత్రికి?"

"మా ఎండుచేపలావిడ పాత వల ఒకటి ఇచ్చింది. కిందికి కడుతున్నాం."

గిరాకీ తగ్గలేదు. జనం తల వంచి లోపలికి వస్తున్నారు. తల వంచి వచ్చినవాడు గట్టిగా బేరమాడలేడని ఆ వారంలోనే కనిపెట్టాను. అందుకే బాగు చేయించే తొందర నాకు లేదు. ఆ తొందరంతా మా ఆయనది. పొద్దున లేవగానే సముద్రం వైపు ఒక చూపు చూసి, కాఫీ తాగి, కిరసనాయిలు డబ్బా, గ్రీజు పట్టుకుని ఇటు వచ్చేస్తాడు. స్ప్రింగు దగ్గర కూర్చుని ఒక్కొక్క రేకూ తుడుస్తాడు. వచ్చినవాళ్ళతో మాట్లాడతాడు. ఎవరికి ఏ తాడు కావాలో నాకన్నా ముందు చెబుతున్నాడు. రిటైరైన మనిషికి ఉద్యోగం దొరికింది.

నిన్న సాయంత్రం కౌంటరు దగ్గర స్టూలు వేసుకుని కూర్చుని అడిగాడు. "కుమారీ, ఆ వరండా మొత్తం ఉంచుకుని ఉంటే బాగుండేదంటావా?"

"సగం చాలదా?"

"చాలు. ఉన్న సగంలో కూర్చునే తీరికే ఉండటం లేదు."

ఆయన వరండా సగం పోయింది. నా షట్టరు సగం పోయింది. నాకైతే తక్కెడ ముల్లు మధ్యలోనే నిలబడ్డట్టు కనిపిస్తోంది. లేచి వల కట్టడానికి ఒక కొస పట్టుకున్నాను, రెండో కొస ఆయన పట్టుకున్నాడు.